బడి గదిలో తవుడు బస్తాలు

మా ఊరి బడికి రెండు గదులు. ఒకదాంట్లో పిల్లలు, రెండోదాంట్లో చేపల మేత. కొల్లేటి ఊళ్లలో ఉమ్మడి చెరువులకి ఏటా వేలం పాట పెడతారు. ఎక్కువ పాడినవాడిది చెరువు. ఆ ఏడు ఊరి పెద్దలు చెరువుతో పాటు బడి గదిని కూడా పాటలో కలిపేశారు.

"సర్కారు గదిని పాడించడానికి మీరెవరండీ?" అనడిగాను.

"ఊళ్లో ఉన్నది ఊరిదే కదండీ" అన్నారు, ఎంతో మర్యాదగా.

నాకు బడి లేదు. చిన్నప్పుడు గేదెల్ని వదిలేసి బడి వాకిట్లో నిలబడ్డానని మా ఆసామి పడవ గెడకర్రతో వీపు చీల్చాడు. చొక్కా విప్పితే ఆ మచ్చ ఇప్పటికీ కనబడుతుంది. తాడేపల్లిగూడెం నుంచి వచ్చే లారీల్లో ఎరువు బస్తాలు దించుతూ, వాటి మీది అచ్చు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. ఒక అక్షరం చెప్పినందుకు క్లీనరు తన వంతు బస్తా కూడా నా నెత్తికెత్తేవాడు. అలా చదువుకున్నవాణ్ణి కాబట్టే, పిల్లలకి ఉచితంగా చదువు చెప్పించడం సర్కారు బాధ్యతని పేపర్లో చదివినప్పుడు ఒళ్లు మండింది. దయ కాదట, బాధ్యతట!

నా మనవరాలు రెండో తరగతి పూర్తి చేసింది. ఏలూరు నుంచి బస్సులో వచ్చే టీచరమ్మ ఓ సాయంత్రం నన్ను ఆపింది.

"తాతగారూ, రేపు ఆఫీసరుగారొస్తున్నారండీ. రెండో గది ఖాళీగా చూపించలేకపోతే, మూడో తరగతి నుంచి అవతలి ఊరి బడిలో కలిపేస్తారండీ."

అవతలి ఊరంటే డ్రెయిను కాలవని దోనెలో దాటాలి. ఆడపిల్లని రోజూ నీళ్ల మీద పంపనని నా కొడుకు ముందే తేల్చేశాడు. అంటే దాని చదువు అయిపోయినట్టే.

మండలాఫీసులో అప్పటికే మొత్తుకున్నాను. మీ పెద్దలతో మాట్లాడుకోండన్నారు. ఒకప్పుడు కొల్లేటిని ఆక్రమించారంటూ చెరువు గట్లు పగలగొట్టడానికి మా ఊరి మీదకి పొక్లెయిన్లు దింపిన సర్కారుకి, ఒక్క తాళం తీయించడానికి మనిషి దొరకలేదు!

తెల్లారగానే గడ్డపారతో తాళం పగలగొట్టాను. బస్తాలు ఈడ్చి బురదలోకి తోస్తుంటే చెరువు పాడుకున్నాయన మోటారుసైకిలు మీద దిగాడు. వెనక సీటు మీద నా కొడుకు. వాడికి ఆ చెరువు మీదే పని.

"ఏరా ముసలోడా, నా చేపల నోటికాడ కూడు లాగుతున్నావా?"

"తమరి చేపలు ఏ తరగతిలో ఉన్నాయండీ?"

పిడికిలి నా మూతి మీద పడింది. పన్ను ఊడి నాలిక మీదకొచ్చింది. దాన్ని అతని మొహం మీదే ఉమ్మి, గడ్డపార తిప్పాను. మోకాలికి తగిలి కూలబడ్డాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో నా రెండు చేతులూ విరిచి పట్టుకున్నారు. నా కొడుకే.

"నాన్నా, ఆయన చెరువు మీద బతుకుతున్నాం!"

"వదల్రా! నీ కూతురి గదిరా ఇది!"

వదల్లేదు. పాటదారు కుంటుతూ లేచి, గోడకి చేరేసిన గెడకర్ర అందుకున్నాడు. నా కొడుకు పట్టుకునుండగానే నా పక్కటెముకలు పగిలాయి. కర్ర మళ్లీ లేచింది. పలక సంచీతో అప్పుడే గేటు దాటిన నా మనవరాలు "తాతా!" అని కేక పెట్టింది. నా చేతుల మీద కొడుకు పట్టు వదిలింది. ఆ దెబ్బకి వాడే చెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

పాటదారు కర్ర దించాడు. నా కొడుకు అతని వైపు చూడలేదు. బాగున్న చేత్తో బస్తా చెవి పట్టుకుని బయటికి ఈడ్చాడు. తర్వాత ఇంకోటి.

ఆఫీసరు వచ్చేసరికి గదిలో తవుడు వాసనా, గచ్చు మీద మా రక్తమూ మిగిలాయి.

"ఇదేంటండీ?" అన్నాడు కాలు వెనక్కి తీసుకుని.

"గది ఖాళీగా ఉందండీ, రాసుకోండి" అంది టీచరమ్మ.

రాసుకున్నాడు. సర్కారు చేసింది అంతే.

పెద్దలు మమ్మల్ని వెలేశారు. మా ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడకూడదని కట్టుబాటు. నా కొడుకు పని పోయింది. ఇప్పుడు ఊరు మొత్తంలో నా మనవరాల్ని పేరు పెట్టి పిలిచేది ఒక్క టీచరమ్మే, పొద్దున్నే ఆ గదిలో, హాజరు వేసేటప్పుడు.