రెండు బ్యాచ్‌ల విస్కీ, ఒక ముక్కు

కరోనా మొదలైన ఏడాది వేసవిలో, గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ గనికి నన్ను వెంటిలేషన్ ఆఫీసరుగా వేశారు. గనిలో గాలి ఎటు పోతోంది, ఏ వాయువు ఎంత ఉంది అని చూసే పని. రిటైర్మెంటు దగ్గరపడింది. గనిలోకి దిగడమంటే మోకాళ్ళు మొరాయించేవి.

అక్కడ రాజన్న ఓవర్‌మ్యాన్, అంటే షిఫ్టులో గనిలోని ఒక భాగానికి పెద్ద. బొగ్గు తీసేసిన చోట్లను ఇటుక గోడలతో మూసేస్తాం. లోపల మిగిలిన బొగ్గుకు గాలి తగిలితే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. వారానికోసారి రాజన్న ఆ గోడల పగుళ్ళు చూసి, వాసన పట్టి, పుస్తకంలో రాయాలి. మీటర్లున్నా చాలాసార్లు మొదట పసిగట్టేది ముక్కే. కిరసనాయిలు లాంటి వాసన వస్తుంది. అతను రాసినదాని కింద నా సంతకం.

ఆ చలికాలం ఒక ఆదివారం, సెంటినరీ కాలనీలో మా క్వార్టరుకు రాజన్నా, బొగ్గు ల్యాబు కెమిస్టు శాస్త్రీ వచ్చారు. శాస్త్రి రెండు సింగిల్ మాల్ట్ స్కాచ్ సీసాలు తెచ్చాడు. ఒకే కంపెనీ, ఒకే వయసు, బ్యాచ్ నంబర్లే వేరు. బొగ్గు నమూనాలకు చేసినట్టే గ్లాసుల కింద నంబర్లు అంటించాడు. పరీక్షకని మూడో గ్లాసులో ఇక్కడి చవక విస్కీ పోశాడు.

మొదటిదాంట్లో పొగ వాసన ఘాటుగా ఉంది. రెండోది కాస్త తేనె వాసన. మూడోది ముక్కు దాకా రాకముందే తెలిసిపోయింది. రాజన్న మూడూ తాగి, "అన్ని ఒక్కతీరే ఉన్నయ్ సార్" అన్నాడు. గాడిదకేం తెలుసు గంధం వాసన అని శాస్త్రి నవ్వాడు. మాటకు మాట అప్పజెప్పే రాజన్న తల వంచుకున్నాడు. వారం వారం గోడల దగ్గర వాసన పట్టేది ఆ ముక్కే కదా అని నాకు భయం వేసింది.

శాస్త్రి వెళ్ళాక అడిగాను. కరోనాలో పోయిన వాసన మళ్ళీ రాలేదట.

"ఏడు నెలలాయె సార్. చెప్తె సర్ఫేసుకు పంపుతరు. ఇన్నేండ్లు బొగ్గుబాయిలనే ఉన్న, పైన నేనేం చెయ్యాలె?"

మరి ప్రతి వారం 'వాసన లేదు' అని ఎలా రాశావన్నాను.

"అబద్ధం రాయలె సార్. నాకు రాలే, లేదని రాసిన."

అప్పుడే వెళ్ళి చూద్దామంటే, తాగి గనిలోకి దిగకూడదు. డ్యూటీలో ఉన్న అండర్ మేనేజరుకు అతని ముందే ఫోన్ చేసి, ఆ మూసిన గోడల వైపు మనుషులను పంపవద్దన్నాను. రాజన్న చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మొదటి షిఫ్టుకు ఇద్దరం దిగాం. మూడో గోడ దగ్గర నాకు సన్నగా కిరసనాయిలు వాసన తగిలింది. రాజన్న గోడను చూడటం లేదు, నా మొహం చూస్తున్నాడు. గాలి నమూనాలో కార్బన్ మోనాక్సైడు తేలింది, అంటే లోపల బొగ్గు వేడెక్కుతోంది. గోడను మళ్ళీ గట్టిగా మూయడానికి రెండు రోజులు పట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు.

మేనేజరుకు ఉన్నదున్నట్టు రాసిచ్చాను. రాజన్నను మెడికల్ పరీక్షకు పంపి, పైన, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే ల్యాంపు రూముకు మార్చారు. గోడలు స్వయంగా చూడకుండా సంతకాలు పెట్టినందుకు నాకు మెమో ఇచ్చారు. అది న్యాయమే. రాజన్న మళ్ళీ మా ఇంటికి రాలేదు. అందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

రిపోర్టులో 'లేదు' అని ఉంటే, నిజంగా ఉన్నా అది రాసిన మనిషికి తెలిసేదా అని ముందు అడగాలి. ఏడు నెలలు నేను అడగలేదు.