మొండిముక్కు కోడి

మొన్న ఆదివారం వికారాబాద్‌లో మా కొడుకింట్లో, విడిగా కొనేకంటే కలిసొస్తుందని ముప్పై గుడ్ల అట్ట తెప్పించుకొని సంబరపడుతుంటే, ఏడో తరగతి చదివే మనుమరాలు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఇనుప జాలీల్లో కుక్కిన కోళ్లు, రెక్క విప్పే జాగా లేక మెడలు మాత్రం బయటికి చాపుతున్నాయి.

"గీ గుడ్లు నేను తిన. నాయినమ్మా, గిట్ల పెంచుతరని నీకు ఎర్కనా?"

ఎరుక లేదన్నాను. మెతుకు పారేస్తే ఊరుకోని, అబద్ధమాడితే చెంప పగలగొట్టే నేనే పన్నెండేళ్ల పిల్లతో అబద్ధమాడాను. అప్పటినుంచి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, లేస్తే నిలబడబుద్ధి కాదు.

పెళ్లయిన కొత్తలో, తాండూరు నుంచి యాలాల్ పోయే దారిలో ఉన్న మా అత్తగారి ఊరవతల కోళ్లఫారం పెడితే, నేనందులో కూలికి కుదిరాను. కోడిపిల్లను గుప్పిట్లో పట్టి, బొటనవేలితో తల వెనక అదిమి, ఎర్రగా కాలిన బ్లేడుకు దాని ముక్కు కొన ఆనించడం నా పని. పెద్దయ్యాక ఒకదాన్నొకటి పొడుచుకోకుండా అట. నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పటిదాకా మనకు కోడంటే పెంట కెలికేది, పిల్లి వస్తే ఇల్లంతా గోల చేసేది. ఆ కాలిన వాసన చీరకు పట్టేసి, ఇంటికి రాగానే స్నానం చేస్తే తప్ప అత్త పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు.

ఒకసారి జాలీల్లోనే పెరిగి గుడ్లు తగ్గిన కోళ్లను అమ్మేస్తూ మా కూలీలకు తలా ఒకటి ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చింది వదిలే గుణం నాకు ఏనాడూ లేదు. ఇంటి కోళ్లతో పాటు ఏరుకు తింటే ఇంకొన్ని గుడ్లు పెట్టకపోతుందా అని, కొయ్యకుండా గంప కింద కమ్మాను. పొద్దున గంప ఎత్తగానే మా కోళ్లు వాకిట్లోకి ఉరికాయి. అది మాత్రం పెట్టినచోటే, పైన ఇంకా గంప ఉన్నట్టే నిలబడింది. జొన్నలు చల్లితే ముక్కు నేలకు టకటక తగులుతుందే గాని గింజ దొరకదు.

అత్త నడుము పట్టుకొని నవ్వింది. "గిదేం కోడే! నడువ రాదు, ఏరుక తిన రాదు. ఇగ ముద్దలు చేసి తినిపియ్యి, నీ బిడ్డ లెక్క."

ఆ ముక్కు ఎవరి చేతి పనో అత్తకు తెలియదు. నేను చెప్పలేదు. గిన్నెలో నానిన నూకలు పెడితే తిన్నది, కొన్నాళ్లకు నడక నేర్చింది గాని, గంప చుట్టూ తప్ప ఎటూ పోలేదు. నేను మాత్రం ఆ మర్నాడే ఫారానికి పోయాను, పిల్లల ముక్కులు కాలుస్తూనే ఉన్నాను, రెండేళ్లు.

నిన్న మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకొని అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. నా చేతుల వంక కాసేపు చూసి, "గా కోడికి పేరు పెట్టినవా?" అని మాత్రం అడిగింది. పెట్టలేదే బిడ్డా అన్నాను.

ఆనాడు తినేవాళ్లకు తెలియదు. తెలిసిన మేము కూలి పోతుందని నోరు మూసుకున్నాం. ఈనాడు పిల్లల చేతుల్లోనే అంతా కనబడుతోంది, అయినా దుకాణంలో అట్టల మీద అట్టలు లేస్తూనే ఉన్నాయి. మా వంటింట్లోనూ ఒకటుంది. పారేయడానికి నాకు చెయ్యి రాదు, ఉడకబెట్టడానికీ రావడం లేదు. పొద్దున్నుంచి దాని దగ్గరికి పోతున్నాను, వస్తున్నాను.