పోలమ్మక్క రెండు పొరలు

ఎనిమిదేళ్లుగా ఒక మెచ్చుకోలు నా గొంతులో చేపముల్లులా గుచ్చుకుని ఉంది. మింగలేను, కక్కలేను. మీకు చెప్పేస్తాను. నవ్వొస్తే నవ్వండి, నాకూ వస్తోంది.

నరసన్నపేటలో మాది చిన్న వర్క్‌షాపు. వేటకెళ్లిన పడవ ఎక్కడుందో ఒడ్డునున్న ఫోనుకు తెలిపే పరికరానికి సర్క్యూట్ బోర్డు గీశాను. రాగి పొరలు నాలుగు ఉండి తీరాలన్నాను. పైనా కిందా సిగ్నళ్ల దారులు, మధ్యలో కరెంటుకొకటి, గ్రౌండుకొకటి. రెండు పొరలు చాలవా అని అడిగినవాళ్ల మీద గయ్యిమన్నాను. తీరా ఆర్డరు పెట్టేటప్పుడు, మహానుభావుణ్ణి, పొరల గడిలో ముందే ఉన్న ‘రెండు’ను మార్చలేదు. మధ్య పొరలు లేకుండానే బోర్డులు వచ్చాయి. మర్నాడే భావనపాడు ఒడ్డున జాలర్లకు పరికరం చూపించాలి. నా ముఖం చూడాల్సింది!

సోల్డరింగ్ చేసే పోలమ్మక్క మాత్రం బోర్డును కిటికీ వెలుగుకు పట్టింది. ఆమెది వలలు బాగుచేసే ఇల్లు. తెగిన కన్ను కోసం వలను తడిమినట్టు, నా డ్రాయింగు పక్కన పెట్టుకుని మీటరుతో ప్రతి చుక్కనూ తడిమి, వెనకవైపు సన్నటి తీగలు అల్లేసింది. పచ్చ లైటు వెలిగింది.

“ఏటి బాబూ, రెండు పొరలే సాలినాయి కదా! మరా మధ్యవెందుకు?”

“అలవాటక్కా.”

“నాకూ గియ్యడం నేర్పుతావేటి?”

“చూద్దాం.”

మర్నాడు ఆమె తమ్ముడి పడవ ఫోనులో కనిపించగానే ఒడ్డంతా ఒకటే కేకలు, ఈలలు. అబ్బ, ఎంత సంతోషమో! తర్వాత ఆమె తీగల దారినే రెండు పొరల మీద గీసి, మూలన నా పేరు వేసుకున్నాను. నాలుగింటిని రెండు చేసిన మొనగాడినని శాలువా కప్పారు. అప్పుడైనా నోరెందుకు మెదపలేదు? సిగ్గా? కాదు. పొగడ్త తియ్యగా ఉంది. గీయడం నేర్పితే గుట్టు బయటపడుతుందని ‘చూద్దాం’ అంటూనే ఇన్నేళ్లు దాటించాను. కానీ ఆ బోర్డులన్నిటికీ సోల్డరింగ్ చేసేది తనే. తన దారిని తను పోల్చుకోలేదంటారా?

నిన్న కొత్త బోర్డు ఆర్డరిచ్చాను. మూలన నా పేరు తీసి ఆమె పేరు పెట్టాను. నా కంప్యూటరు పక్కన రెండో కుర్చీ వేశాను. బోర్డుల పెట్టె వచ్చాక విప్పేది ఆమే. ఏమంటుందో తెలియదు. తిడితే తిట్టనీ, పడతాను. పొరలు రెండేనని మూడుసార్లు చూసుకున్నాను. పొద్దుట్నుంచీ ఊరికే ఈల వేస్తున్నాను.