సారాకు చెప్పిన ఆయాసం

చౌడేశ్వరికి మొగుడి మీద ఉన్నంత పట్టు ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేదని అందరూ అనేవాళ్ళు. అది మెచ్చుకోలు కాదని ఆమెకూ తెలుసు. మార్కండేయ తన అక్క ఇంట్లో ఒక ముద్ద ఎక్కువ తిని వచ్చిన పూట ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. తాడిపత్రిలో అతను పనిచేసే బండల ఫ్యాక్టరీ ముందు టీ అమ్మే ఆమె ఒకసారి "ఏమన్నా, ఈ పొద్దు ఇంత ఆలస్యమాయెనే" అని నవ్వుతూ అడిగిందని తెలిసి, మర్నాటి నుంచి టీ ఫ్లాస్కులో పోసి పంపింది. పిల్లలు లేరు వాళ్ళకు. ఉన్నదంతా ఆ మనిషే.

పెళ్ళైన కొత్తలో ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు. అతను బండలు పాలిష్ పట్టే మిషను దగ్గర, ఆమె మోసే ఆడవాళ్ళతో. మోకాళ్ళు అరిగి ఆమె మానేసింది. అతను మానలేదు.

అలాంటి ఇంటికి పక్క వీధిలోనే, ఊరి హెల్త్ సెంటర్‌లోకి సారా అనే నర్సు వచ్చింది. చిలమత్తూరు పిల్ల. గలగలా మాట్లాడుతుంది. ఊళ్ళో ఒక్కొక్కరికీ ఒక ఆరోగ్య నంబరు చేసి, బీపీ, రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఇచ్చిన మాత్రలు, అన్నీ తన ట్యాబులో ఆ నంబరు కింద ఎక్కించేది. "రేపు మీరు యాడికి పోయినా ఆడ డాక్టరు ఇదంతా చూడొచ్చు. మీరు ఒప్పుకుంటేనే చూస్తాడు, లేకుంటే లేదు" అని చెప్పేది. ఇంట్లో పెద్ద ఫోను చౌడేశ్వరిదే కాబట్టి మార్కండేయ నంబరుకు ఆ ఫోనునే జతచేశారు.

ఒకరోజు కొళాయి దగ్గర చౌడేశ్వరి బిందె పెట్టుకుని నిలబడి ఉంటే సారా అటుగా వచ్చింది.

"అక్కా, అన్నకు రాత్రిపూట ఆయాసం తగ్గిందా?"

చౌడేశ్వరికి అర్థం కాలేదు. "ఏం ఆయాసం?"

"పండుకుంటే ఊపిరి ఆడటంలేదనె కదా. లేచి కూసుంటాండ అని చెప్పినాడే."

నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళందరూ తల తిప్పి చూశారు. ఉక్క పోస్తోందని ఎండాకాలం నుంచి మార్కండేయ మిద్దెపైన పడుకుంటున్నాడు. ఉక్క అనే ఆమె నమ్మింది. బిందె నిండకముందే ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది.

"నాకు చెప్పకపోతివి, ఆ పిల్లకు చెప్తివి!"

"అడిగింది, చెప్పినా. అది ఆయమ్మ పని కదే" అన్నాడు మార్కండేయ, తల ఎత్తకుండా.

"నేను అడగలేదని మూసిపెట్టినావా?"

అతను దుప్పటి తీసుకుని మిద్దెక్కాడు. ఆ రోజు నుంచి చౌడేశ్వరికి సారా పేరెత్తితే పడేది కాదు. ఆ పిల్లతో అతనికేదో ఉందని కాదు. తనకు కూతురుంటే అంత వయసు దానిది, ఆ మాత్రం తెలివి తనకుంది. అయినా తను చేత్తో తడిమి చూసుకున్న ఒళ్ళు ఇప్పుడు ఇంకొకరి చేతిలోని ట్యాబు అద్దంలో ఉంది. సారా వేలితో తోస్తే తన మొగుడు బయటికి వస్తాడు. తను అడిగితే రాడు. హెల్త్ సెంటర్ ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టింది.

మార్కండేయకు దగ్గు ఎక్కువైంది. ఎక్స్‌రే చూసి సారా, అనంతపురంలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పొమ్మంది. "ఆడ అడిగినప్పుడు నీ ఫోనుకు ఓటీపీ వస్తుందక్కా. అది చెప్తే చాలు, ఈడ నేను రాసిందంతా ఆయనకు కనపడుతుంది."

నేను రాసిందంతా. ఆ మాట బస్సులో దారి పొడుగునా చౌడేశ్వరి చెవిలో గిలకలా తిరిగింది.

ఆసుపత్రిలో కంప్యూటరు ముందున్నతను అడిగాడు. ఫోను గుయ్‌మంది. ఆమె చూసింది. అంకెలు స్పష్టంగా ఉన్నాయి.

"వచ్చిందామ్మా?"

"రాలేదు సార్."

అతను మళ్ళీ పంపాడు. మళ్ళీ వచ్చింది. "లేదు సార్, సిగ్నల్ లేదు" అంటూ ఫోను కొంగులో ముడేసుకుంది. ఇక్కడైనా ఆ పిల్ల లేకుండా తన మొగుడి సంగతి తనే చెప్పుకోవాలనుకుంది.

డాక్టరు అన్నీ మొదటినుంచి అడిగాడు. చౌడేశ్వరి చెబుతూ పోయింది. ఎప్పటినుంచి దగ్గు, ఏం తింటాడు, ఎన్నేళ్ళు దుమ్ములో పనిచేశాడు. "ఏ మందైనా పడదా?" అని అడిగితే మార్కండేయ ఒకసారి ఆమె వైపు చూశాడు. "అట్లాంటిదేం లేదు సార్" అన్నాడు.

బస్టాండు పక్కన అన్నం తిని, కొత్త మాత్రలు వేసుకున్నాడు. బస్సు కోసం నిలబడ్డారు. కాసేపటికి మెడంతా దద్దుర్లు. పెదవులు ఉబ్బాయి. గొంతు పట్టుకుని అతను కింద కూలబడ్డాడు. చౌడేశ్వరి ఆటోవాణ్ణి కేకేసి ఎక్కించింది. ఆటోలో ఆమె వేళ్ళు నొక్కింది సారా నంబరే. ఇంకెవరూ గుర్తు రాలేదు.

"అక్కా, ఏం మాత్ర ఇచ్చినారు? పోయిన నెల ఈడ గూడా ఒకటి పడలేదు, ముఖం వాస్తే ఇంజక్షన్ వేసి తగ్గినాకే ఇంటికి పంపితి. అంతా రాసినానే! ఓటీపీ చెప్పలేదా?"

చౌడేశ్వరి ఫోను పెట్టేసి, ఆటోను మళ్ళీ ఆ ఆసుపత్రికే పోనిమ్మంది.

వెళ్ళగానే ఇంజక్షన్లు వేశారు, ఆక్సిజన్ పెట్టారు. కంప్యూటరు అతను మూడోసారి అడిగినప్పుడు ఆమె ఒక్కొక్క అంకె గట్టిగా చదివింది. డాక్టరు తెర మీద చూస్తూ పక్కనున్న నర్సుకు చెప్పాడు. అదే జాతి మాత్ర, పోయిన నెలా పడలేదు. రాత్రిపూట ఆయాసం, ఎండాకాలం నుంచి. బరువు తగ్గుతున్నాడు. మెట్లెక్కితే గుండె దడ. ఒక్కొక్కటీ పరాయి మనుషుల మధ్య నిలబడి, చౌడేశ్వరి మొదటిసారి విన్నది.

సాయంత్రానికి వాపు తగ్గింది. మంచం పక్కన కూర్చుని అడిగింది. "డాక్టరు అడిగినప్పుడన్నా చెప్పొచ్చు కదయ్యా."

"నువ్వు పక్కనుంటివి" అన్నాడు మార్కండేయ నీరసంగా. "నీకు తెలిస్తే ఊరుకుంటావా? ఏడుస్తావు, పని మానిపిస్తావు, నా తోడబుట్టినోళ్ళను తిడతావు. ఆయమ్మ రాసుకుని ఊరకుంటాది."

ఆమె ఏడవలేదు. ఆ ఒక్కసారికి.

రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, పోయేది కాదని, ఇంకా ముదరకుండా చూసుకోవచ్చని చెప్పారు. మార్కండేయ ఫ్యాక్టరీ మానుకున్నాడు. నాలుగు గొర్రెలు కొనుక్కుని ఊరి బీడు భూముల్లో మేపుకుంటున్నాడు.

ఊరికి వచ్చాక సారా ఇంటికే వచ్చింది. ట్యాబు చూస్తూ, "మొదట రెండుసార్లు అడిగినట్టుండాది, ఒప్పుకోలేదని వస్తాంది" అంది.

"సిగ్నల్ లేదు" అంది చౌడేశ్వరి.

సారా ఆమెనే చూసింది. మళ్ళీ అడగలేదు. అందుకు కూడా చౌడేశ్వరికి ఆ పిల్లమీద కోపం వచ్చింది.

కానీ ఫోను చాపింది. "ఇదంతా నా దాంట్లో గూడా కనపడేటట్టు చెయ్యి. ఎట్ల చూడాల్నో నేర్పియ్."

నేర్చుకుంది. ఇప్పుడు హెల్త్ సెంటర్‌కు ఇద్దరూ కలిసే పోతారు. సారా "ఎట్లుందన్నా?" అని అడిగితే మార్కండేయ ఇంకా ఆ పిల్ల వైపే తిరిగి చెబుతాడు. పక్కన కూర్చున్న చౌడేశ్వరికి చురుక్కుమంటుంది. ఐనా నోరు మెదపకుండా చెవులు రిక్కించి, ప్రతి మాటా వింటుంది.