రంగు చూసి కలిపే మామయ్య

మా మామయ్యని అందరూ బొంగరం అంటారు. కుర్చీ వేస్తే దాని చుట్టూ తిరుగుతాడు తప్ప అందులో కూర్చోడు. కంచం చేత్తో పట్టుకుని తలుపుకీ కిటికీకీ మధ్య నడుస్తూ తింటాడు. పెళ్లి ఫొటోలో అత్తయ్య ముఖం చక్కగా కనిపిస్తుంది. ఆయన ఉండాల్సిన చోట తెల్లచొక్కా తొడుక్కున్న మబ్బు ఒకటి ఉంటుంది.

ఆయన పని పెయింట్ల దుకాణంలో రంగులు కలపడం. ఎవరో గోడ పెచ్చొకటి పట్టుకొచ్చి అచ్చం ఇదే కావాలంటారు. మామయ్య దాన్ని తీసుకుని వెనక గదిలోకి పోతాడు. ఆ గదికి కిటికీ లేదు. లోపలంతా థిన్నరు ఘాటు. నేను ఒకసారి తొంగిచూసి కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఎవరైనా పోయారా అని దుకాణానికొచ్చినాయన పరామర్శించాడు. మామయ్య అందులోనే ఏళ్ల తరబడి డబ్బాల్లో కర్ర తిప్పుతూ, అట్టముక్క మీద పూసి చూస్తూ గడిపేశాడు.

ఆదివారం ఇంట్లోనూ అదే పని. డబ్బాల బదులు సీసాలు, అంతే. సగం గ్లాసు ఎర్ర వైను, అందులో రెండు మూతల రమ్ము, కాస్త నిమ్మరసం, చెంచాడు చక్కెర, ఒక కమలాపండు ముక్క, పైన సోడా. కలిపి ట్యూబులైటు కేసి ఎత్తి ఒక కన్ను మూసి చూస్తాడు.

"ఇంకాస్త ముదరాలి," అని మరో మూత రమ్ము పోస్తాడు.

పేర్లు కూడా పెట్టాడు. ఎర్ర వైనుతో చేసింది పాతగేటు. తెల్ల వైనులో తెల్ల రమ్ము పోసి కీరా ముక్కలు వేసింది మెట్లగోడ. పక్కింటి కరెంటు పనాయన ప్రతి ఆదివారం వచ్చి, "ఇవాళ గేటా, గోడా?" అని అడిగి మరీ కూర్చుంటాడు.

గ్లాసు వంటింట్లోంచి బయటికి వెళ్లేముందు అత్తయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకునేది. తల ఊపితే గ్లాసు బయటికి పోయేది. మూతి తిప్పితే సింకులోకి. మొగుడి మీద పెత్తనం అనుకున్నాను చాలాకాలం.

అసలు సంగతి నా సాక్సుల వల్ల బయటపడింది. ఎప్పుడు ఉతికానో నాకే గుర్తులేని జతని మామయ్య దిండు కింద పెట్టి, ఎప్పుడు కేకేస్తాడా అని తలుపు సందులో కాపు కాశాను. ఆయన వాటి మీద తల పెట్టి గురక పెట్టాడు. మన బొంగరం కదలకుండా ఉండేది నిద్రలో మాత్రమే. అత్తయ్య గదిలోకి వచ్చి ముక్కు మూసుకుని, సాక్సులు రెండు వేళ్లతో పట్టుకుని నా మీదికి విసిరింది.

"వెధవా! ఆయనకి వాసన రాదురా. తెలుసుకున్నావుగా, ఇక నోరు మూసుకో."

ఉప్పూ పులుపూ తీపీ నాలుకకి తెలుస్తాయట. వాసన మాత్రం ఆ వెనక గది తినేసింది. అక్కణ్ణుంచి బయటపడితే కొంచెం కొంచెంగా రావచ్చు, రాకపోనూవచ్చు, అక్కడే ఉంటే మాత్రం ఆశ లేదని డాక్టరు చెప్పాడట. అప్పటినుంచీ మామయ్య ఇంకా ఎక్కువ తిరుగుతున్నాడు. దుకాణం ఓనరుకి చెబితే పనిలోంచి తీసేస్తాడని భయం. చెప్పకపోతే ముక్కు పోతుందని భయం. రెండు భయాల మధ్య వరండా గచ్చు అరిగిపోయింది.

అంతలో వీధి చివరి హోటల్లో డ్రింకుల కౌంటరు పెడుతున్నారని తెలిసింది. అక్కడ వైర్లు లాగేది మన కరెంటాయనే. పాతగేటు గురించి హోటలాయనకి పొగడాల్సినదానికంటే కాస్త ఎక్కువే పొగిడాడు. శనివారం మధ్యాహ్నం వచ్చి చేసి చూపించమనీ, నచ్చితే కౌంటరు నీదేననీ మామయ్యకి కబురొచ్చింది.

కౌంటరుకి నాలుగు కిటికీలున్నాయి. మామయ్య వాటిని వీధిలోంచే చూసి వచ్చాడు. తిరిగి వెళ్లి మళ్లీ చూసి వచ్చాడు.

"ముందే ఆయనకి చెప్పెయ్యండి, వాసన మా ఆవిడ చూస్తుందని," అంది అత్తయ్య, కుడుతున్న కర్టెను మీంచి తల ఎత్తకుండా.

"చెబితే ఎవడిస్తాడే పని? నువ్వు ఊరికే నా పక్కన నిలబడు చాలు."

"దొంగచాటుగా మూతి తిప్పడానికి నేను రాను. చెబుతానంటే వస్తాను."

"చెప్పను."

"అయితే వీణ్ణి తీసుకెళ్లండి. సాక్సులు ఉతుక్కుని వస్తాడు."

అలా కమలాపళ్ల సంచీ మోసే భాగ్యం నాకు దక్కింది. దారి పొడుగునా మామయ్య నాకంటే పది అడుగులు ముందుకెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ ముందుకెళ్లాడు. నేను ఒకసారి నడిచిన దారి ఆయన మూడుసార్లు నడిచాడు.

హోటలాయన బల్ల మీద సీసాలు వరసగా పెట్టించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "కానివ్వవయ్యా, చూద్దాం."

మొదట అంతా బాగానే సాగింది. నిమ్మకాయలు పిండాడు, వైను పోశాడు, రమ్ము పోశాడు, కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు. నిజంగానే అందమైన రంగు. ఇంకో గ్లాసు మొదలుపెట్టబోతూ ఆగాడు. చేతులు ఊరుకోలేదు. జేబులోంచి గుడ్డ తీసి గ్లాసుల్ని లోపలా బయటా తుడవడం మొదలెట్టాడు. తళతళలాడేలా తుడిచాడు. ఆ గుడ్డ పొద్దున దుకాణంలో చేతులు తుడుచుకున్న గుడ్డ. దానికి థిన్నరు పట్టి ఉందని బల్లకి ఇవతలున్న నాకు తెలిసిపోయింది. దగ్గాను. కళ్లెగరేశాను. ఆయన కాలు తొక్కాను.

"ఏంట్రా, నా కాలు నీకు అడ్డమొచ్చిందా?" అని విసుక్కుని, తుడిచిన గ్లాసులోకి పాతగేటు ఒంపి హోటలాయనకి అందించాడు.

హోటలాయన నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. మళ్లీ వాసన చూశాడు.

"ఇదేంటయ్యా? నిన్న పెయింటేసిన గేటులా ఉంది!"

"దాని పేరే పాతగేటు సార్," అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మామయ్య గ్లాసు తీసుకుని గట్టిగా పీల్చాడు. "కమలాపండు వాసనండీ. బాగుంది కదా!"

హోటలాయన ఆయన్నీ గ్లాసునీ మార్చి మార్చి చూశాడు. కరెంటాయన నిచ్చెన మీద నుంచి చూస్తున్నాడు. మామయ్య మడమల మీదా మునివేళ్ల మీదా ఊగుతూ, బల్ల అంచు పట్టుకుని, వదిలేసి, మళ్లీ పట్టుకున్నాడు.

"నాకు వాసన రాదండీ," అన్నాడు చివరికి. "చాలా ఏళ్లైంది. ఇంట్లో మా ఆవిడ చూసి చెబుతుంది."

"ముందే చెప్పొచ్చు కదయ్యా."

"చెబితే రమ్మనేవారా?"

హోటలాయన ఆలోచించాడు. "అనేవాణ్ణి కాదులే," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కౌంటరు మరొకరికి ఇస్తాననీ, కమలాపళ్లు తీసుకెళ్లమనీ కూడా మర్యాదగానే చెప్పాడు.

బయటికొచ్చాక మామయ్య ఇంటివైపు తిరగలేదు. నేను సంచీతో పరిగెత్తలేక ఆయాసపడుతుంటే, నేరుగా పెయింట్ల దుకాణంలోకి దూరాడు. ఓనరు బల్ల దగ్గర టీ తాగుతున్నాడు.

"ఓనరుగారూ, నాకు వాసన రాదు. ఆ వెనక గది వల్లే. నన్ను టెంపో మీద పంపండి. డబ్బాలు ఇళ్లకి చేరవేస్తాను."

"కూర్చో ముందు."

"కూర్చోను. పంపుతారా లేదా?"

"జీతం తగ్గుతుందయ్యా. రంగులెవరు కలుపుతారు?"

"ఎవరు కలిపినా ఆ గదికి ముందు కిటికీ పెట్టించండి. పెట్టించేదాకా నేను లోపలికి పోను."

ఓనరు టీ గ్లాసు కింద పెట్టి నావైపు చూశాడు, వీడేమైనా తాగించాడా అన్నట్టు. మామయ్య గుమ్మంలోకి వెళ్లాడు, లోపలికొచ్చాడు, మళ్లీ గుమ్మంలోకి వెళ్లాడు. చివరికి, "సరే, సోమవారం నుంచి టెంపో ఎక్కు," అన్నాడు ఓనరు. కిటికీ సంగతి ఎత్తలేదు.

ఇంట్లో చెబితే అత్తయ్య కుట్టుమిషను ఆపింది. తగ్గిన జీతం గురించి అడుగుతుందని అనుకున్నాను.

"హోటల్లో మీరే చెప్పారా, వీడు వాగాడా?"

"నేనే చెప్పాను."

"సరే అయితే," అని మళ్లీ కుట్టుకోవడం మొదలెట్టింది. కాసేపటికి లేచి ఆయన జేబులోని గుడ్డ లాగి బయట పారేసింది.

ఇప్పుడు మామయ్య టెంపో వెనక డబ్బాల మధ్య నిలబడి ఊరంతా తిరుగుతున్నాడు. వెనక గదికి కిటికీ ఇంకా రాలేదు. కొత్తగా రంగులు కలిపే కుర్రాడు ఆయనకి ఎదురుపడితే, "తలుపు తెరిచి కలపరా," అని రోజూ తిడతాడు. ఇంటికొచ్చాక మామయ్య రమ్ము సీసా మూత తీసి ముక్కుకి ఆనించుకుంటాడు. నేనూ అత్తయ్యా ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంటాం.

"ఏమైనా వచ్చిందా, మామయ్యా?"

"ఉండరా," అంటాడు. సీసా పట్టుకుని కిటికీ దాకా వెళ్తాడు. అక్కణ్ణుంచి తలుపు దాకా వస్తాడు. మళ్లీ పీలుస్తాడు.