వెర్నా మీదికి తోసిన భయం

లైల్ ప్రూయిట్ అయోవాలో బతుకంతా సిమెంటు లారీ తోలాడు. రిటైరయ్యాక లోపల కాపురం ఉండగలిగే పెద్ద ట్రైలర్ బండి కొని, ట్రక్కు వెనక తగిలించుకుని, ఏటా చలి మొదలవగానే భార్య వెర్నాతో కాలిఫోర్నియా బయల్దేరేవాడు. స్టీరింగ్ మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

పోయినేడు కొలరాడో కొండల్లో, దిగుడు దారిలో, ట్రైలర్ బరువు ట్రక్కుని ముందుకి తోసుకొచ్చేసింది. బ్రేకులు కాలి పొగలేచాయి. ఎలాగో పక్కకి తీసి ఆపాడు గానీ, ఆ తర్వాత వేళ్లు స్టీరింగ్‌ని వదల్లేదు. వెర్నా ఒక్కో వేలూ విడదీసి, "ఇటు జరుగు" అంది. బ్రేకులు చల్లారాక తనే తక్కువ గేరులో, వెనక లారీలు హారన్లు కొడుతున్నా లెక్కచెయ్యకుండా కిందికి దింపింది. ఆ సంగతి ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

ఈ ఏడు కాన్సస్‌లో, సలైనా దగ్గర ట్రైలర్ల క్యాంపులో రాత్రికి ఆగారు. అక్కడ ఏటా కలిసే డెల్బర్ట్ పొయ్యి మీద మాంసం కాలుస్తున్నాడు. చుట్టూ నలుగురు కుర్చీలేసుకుని కూర్చున్నారు.

"రేపు డెన్వర్ మీదుగా, కొండదారిలో కలిసే పోదామా?" అన్నాడు డెల్బర్ట్.

"లేదు. మేం విచిటా వైపు దిగి, న్యూమెక్సికో మీదుగా పోతాం" అన్నాడు లైల్.

"అంత చుట్టూ తిరిగా? ఏమోయ్, సిమెంటు లారీ తోలినోడివి, కొండలంటే జడుపా?"

అందరూ నవ్వారు. లైల్ నోటికి ఏదొస్తే అది అనేశాడు. "నాకెందుకు జడుపు? వెర్నాకే పడదు. కొండ కనపడితే చాలు, పక్కన కూర్చుని ఒకటే గోల."

అప్పుడే వెర్నా బంగాళాదుంప సలాడ్ గిన్నెతో వచ్చింది.

"ఏంటి వెర్నా, మావాణ్ణి కొండెక్కనివ్వట్లేదట?"

ఆవిడ లైల్ వంక ఒక్క క్షణం చూసింది. "అవును డెల్బర్ట్, నాకు కళ్లు తిరుగుతాయి" అని, మొదట లైల్ పళ్లెంలోనే సలాడ్ వడ్డించింది.

లైల్ సలాడ్‌ని చెంచాతో అటూ ఇటూ తోశాడు. ఆవిడ తిట్టినా బాగుండేది.

పొద్దున్నే డెల్బర్ట్ దగ్గరికి వెళ్లాడు. "నిన్న చెప్పింది అబద్ధం. భయం నాది. పోయినేడు బండి దింపింది వెర్నా."

డెల్బర్ట్ నవ్వలేదు. "అలాగా" అని, వంగి, ఎందుకో ట్రైలర్ గొలుసులు సర్దసాగాడు. ఆ వంగిన వీపు చూస్తుంటే లైల్‌కి ఎగతాళి చేసినా నయమే అనిపించింది.

వెనక్కొచ్చి, "డెల్బర్ట్‌కి చెప్పేశాను" అన్నాడు.

"బాగుంది. మరి నాకేం చెప్పావ్?" అంది వెర్నా, కప్పులు తుడుస్తూనే.

లైల్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నా పిరికితనం నీ మీదికి తోశాను. నువ్వు దాన్ని మోశావు కూడా. సిగ్గుగా ఉంది వెర్నా."

"ఉండాలి మరి" అందావిడ. "పద, ఎండెక్కుతోంది. డీజిల్ పోయించుకున్నాక నేను తోలతా."

దారిలో ప్రాట్ ఊళ్లో బంకు దగ్గర వెర్నా డ్రైవర్ సీటెక్కింది. పక్క పంపు దగ్గరున్న ఆసామి, "ఇంత బండి ఆవిడ తోలుతుందా?" అని నోరు తెరిచాడు.

"నాకన్నా బాగా తోలుతుంది" అన్నాడు లైల్. అంటుంటేనే చెవులు వేడెక్కాయి. తలొంచుకుని ఎక్కి పక్కన కూర్చున్నాడు. వెర్నా విందో లేదో, అద్దాలు సరిచేసుకుంటోంది.