గుండురాయికి పదకొండు బ్లాకుల దూరంలో

దయ్యాలను నమ్మేవాళ్లతో వాదించి వాళ్ల నోరు మూయించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇరవై రెండేళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. స్టాఫ్ రూంలో ఎవరైనా "మా పిన్నమ్మకు గాలి సోకింది" అంటే, ఆ గాలి వేగం ఎంతో అడిగే మనిషిని. ఇప్పటికీ నేనేమీ మారలేదు. కాబట్టి నన్ను నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నాకంటే తెలివైనవాళ్లు ఎవరైనా ఉంటే కారణం చెప్పండి.

మేముండేది కడపలో. పెళ్లయినప్పటి నుంచీ అద్దె ఇళ్లే. బద్వేలు దగ్గర పల్లెలో మా ఆయన వాటాకు వచ్చిన అరెకరం ఉంది. దానికి పడమర చిన్న గుట్ట, తూర్పున ఏనుగంత గుండురాయి, మధ్యలో చదునైన నేల. మొన్నటి ఎండాకాలం అక్కడ ఇల్లు మొదలుపెట్టాలని ప్లాను గీయించాం. గుండు వైపు గది మా అమ్మాయి హారికది. మాకు అదొక్కతే. ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లోనే ఉంది.

"చిన్నాయనను ఒక మాట అడుగుదాం. ఆ నేల ఆయనకు తెలిసినంత మనకు తెలీదు" అన్నాడు మా ఆయన. చిన్నాయన అంటే మా మామగారి తమ్ముడు, నాకు చిన్నమామ. మామగారు, అత్త పోయాక ఆ తరంలో మిగిలింది ఆయనొక్కడే, ఆ పల్లెలోనే ఉంటాడు. ఆయన గడప తొక్కనని నేను తెగేసి చెప్పాను.

దానికొక కథ ఉంది. ఆరేళ్ల కింద ఇల్లు కడతామని మొదటిసారి అనుకున్నప్పుడు, నలుగురిలో ఆయన, "ఉండేది ఒక ఆడపిల్ల, పెండ్లయితే పోతాది. ఇంగ ఇల్లు ఎవరికమ్మా కట్టేది?" అన్నాడు. నేనూరుకునే రకం కాదు. "ముగ్గురు మగపిల్లలను కన్నారు కదా చిన్నమామా, ఒక పూటన్నా వాళ్లు పెట్టిన అన్నం తింటాండారా?" అనేశాను. ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. అది నా తప్పని అప్పుడు అనుకోలేదు.

పునాదికి ముగ్గు పోసే రోజుకు ఇంకా నెలుందనగా కాలేజీ మెట్ల మీద జారి నా చీలమండ విరిగింది. సిమెంటు కట్టు వేసి మంచం మీద కూర్చోబెట్టారు. కడప ఎండల్లో మంచం మీద కూర్చున్న మనిషి ఏం చేస్తుంది? ఎదురుగా ఉన్నవాళ్లను సాధిస్తుంది. ఎదురుగా ఉన్నది హారిక, దాని చేతిలో ట్యాబ్.

అదొక ఆట ఆడుతుంటుంది. అందులో మనల్ని ఒంటరిగా ఒక అడవిలో వదిలేస్తారు. చెట్లు నరుక్కుని, రాయి తవ్వుకుని, చీకటి పడేలోపు తలదాచుకునే చోటు కట్టుకోవాలి. మట్టి, రాయి, నీళ్లు అన్నీ చదరపు దిమ్మల్లా ఉంటాయి, వాటిని బ్లాకులంటారు. కొత్తగా మొదలుపెట్టిన ప్రతిసారీ ఆ లోకాన్ని ఆటే పుట్టిస్తుంది, ఒకదానిలా మరొకటి ఉండదు. మా పిల్ల వెళ్లి కొండ అంచున ఇల్లు కడుతోంది.

"కొండ కొసన ఎవరన్నా కడతారా? నీళ్లు యాడినుంచి మోస్తావు?"

"ఇది ఆట మా. ఆడ వ్యూ బాగుంటాది."

"వ్యూ తాగి బతుకుతావా?"

"నోరు నొప్పెట్టదా మా నీకు? ఇంద, నువ్వే కట్టు" అని ట్యాబ్ నా ఒళ్లో పడేసింది.

పంతానికి మొదలుపెట్టాను. చోటు వెతకడానికే రెండు రోజులు తిరిగాను. నీళ్లు దగ్గరుండాలి, వాన నీళ్లు పారే వంకలో ఉండకూడదు, వెనక గుట్ట ఆసరా ఉండాలి. చివరికి ఒక చోటు నచ్చింది. మొదటి గోడ లేపాక గానీ గమనించలేదు, అది అచ్చం మా అరెకరంలా ఉంది. పడమర గుట్ట, తూర్పున ఒంటరి గుండు. ఎరిగిన నేల లాంటిదే మనసుకు నచ్చుతుంది, ఇందులో వింతేముందని నవ్వుకుని, ఇంజినీరు గీసిన ప్లానునే గది గదికీ అక్కడ కట్టాను.

ఆటలో మంచం మీద పడుకుంటే రాత్రి గడిచి తెల్లవారుతుంది. అలా మొదటిసారి తెల్లవారాక చూస్తే హారిక గదిగా కట్టిన గదిలో నేల మీద ఒక గుంట. ఒక్క బ్లాకు వెడల్పు, అడుగు కనబడని లోతు. మట్టి వేసి పూడ్చాను. మర్నాడు అదే చోట రెండు బ్లాకుల గుంట. పూడ్చాను. ఆ మర్నాడు నాలుగు.

సహజంగానే హారికను పట్టుకున్నాను.

"ఒట్టు మా, నేను తాకలా. రాత్రుళ్లు తిరిగే జీవులుంటాయి, వాటిల్లో ఒకటి బ్లాకులు పీకి ఎత్తుకపోతాది. అదే అయింటుంది."

సరే, ఆ జీవులేవీ రాకుండా ఆటలో ఒక ఏర్పాటుంటే దాన్ని పెట్టించాను. ఇంటర్నెట్ ఆపేశాను. ఆడడం అయిపోగానే ట్యాబ్‌ను బీరువాలో పెట్టి, తాళంచెవి మంగళసూత్రాల గొలుసుకు తగిలించుకున్నాను. నాలుగో ఉదయం ఆట తెరిస్తే గుంట ఉంది. ఈసారి తూర్పు వైపు ఒక బ్లాకు దిగి ఉంది, లోపలికి దిగే మొదటి మెట్టులాగా.

అప్పటికీ నాకు భయం లేదు. తిక్క పుట్టింది, అంతే. ప్రాక్టికల్ రికార్డు ఒకటి తీసి గీతలు కొట్టి రాయడం మొదలుపెట్టాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఇల్లు మొత్తం పడగొట్టి పది బ్లాకులు దక్షిణానికి జరిపి కట్టాను. గుంట ఇంటితో పాటు జరగలేదు. పాత చోటే, ఇప్పుడు ఆరుబయట పడింది. వేరే లోకం మొదలుపెట్టి అక్కడ అదే ప్లాను కట్టాను. వారం ఆడినా అక్కడ నేల చెక్కు చెదరలేదు. అంటే తప్పు ఇంటిది కాదు, ట్యాబ్‌ది కాదు. ఆ నేలది.

గుండు నుంచి గుంట మధ్యకు ఎంత దూరమో లెక్కపెట్టాను. పదకొండు బ్లాకులు. ప్రతి రోజూ పదకొండే.

"ఒక బ్లాకంటే ఎంత పొడుగు?" అని హారికను ఊరికే అడిగాను.

"మీటరు మా."

పదకొండు మీటర్లంటే ముప్పై ఆరడుగులు. మా ఇంటి ప్లాను తీసి చూశాను. హారిక గది గుండుకు ముప్పై అడుగుల దగ్గర మొదలై నలభై రెండు దగ్గర ముగుస్తుంది. ముప్పై ఆరు సరిగ్గా గది మధ్య. మంచం వేయాలనుకున్న చోటు.

ప్లానును మడిచి దిండు కింద పెట్టుకుని, వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్పను? ఆటలో గుంట పడిందని ఇంటి ప్లాను మార్చమంటే, ఇన్నేళ్లు నేను ఎగతాళి చేసినవాళ్లంతా వరసకట్టి నవ్వరా? చెప్పకపోతే నా బిడ్డ ఆ గదిలో పడుకోవాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. నవ్వితే నవ్వనీ అనుకోవడానికి నాకు వారం పట్టింది. అది కూడా సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ముగ్గు పోసే రోజుకు కట్టు విప్పారు. చేతికర్రతో వెళ్లాను. మా ఆయన, హారిక వచ్చారు. ఓబులేసు మేస్త్రీ తాళ్లు కట్టి ముగ్గు గీస్తున్నాడు. పునాది తవ్వడానికి జేసీబీ వచ్చి రోడ్డు పక్కన ఆగి ఉంది. నేను టేపు తీసుకుని, హారికతో గుండు దగ్గర ఒక కొస పట్టించి, ముప్పై ఆరడుగుల దగ్గర కర్రతో గుర్తు పెట్టాను.

"మేస్త్రీ, ముందు ఈడ గడ్డపారతో పొడిపించు."

"అది గది నడుమ కదా మేడమ్. పునాది గోడ కింద తీస్తారు గానీ నడుమ ఎందుకు? లంకెబిందెలేమన్నా ఉండాయా?"

"ఉంటే నీకు సగం ఇస్తాలే. పొడిపించప్పా."

మా ఆయన నా మొహం చూసి పక్కకు జరిగాడు. నాకు ఎప్పుడు అడ్డు చెప్పకూడదో ఆయనకు బాగా తెలుసు. కూలివాడు రెండడుగులు తవ్వి గడ్డపార వేశాడు. ఖంగుమంది. రాయి తగిలిందన్నాడు. మేస్త్రీ గడ్డపార తానే అందుకుని మళ్లీ వేశాడు. ఆ చప్పుడు కింద నుంచి ఇంకో చప్పుడు వచ్చింది, ఖాళీ కాగును తట్టినట్టు. ఓబులేసు మొహంలో నవ్వు పోయింది. "అందరూ ఎనక్కి రాండి. మెల్లగా రాండి" అన్నాడు.

కూలివాడి నడుముకు మోకు కట్టి, మట్టి తోడించారు. కింద నల్లటి కడప బండలు, వరసగా పేర్చినవి. వాటిలో ఒకటి మధ్యకు విరిగి, రెండు ముక్కలూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. బండలను దూరం నుంచి గొలుసుతో లాగితే కింద బావి. నేనొక రాయి వేయించి లెక్కపెట్టాను. రెండు సెకన్లకు కాస్త తక్కువలో అడుగు తగిలింది. యాభై అడుగులకు పైనే. నీటి చప్పుడు లేదు.

తూర్పు వైపు, గుండుకు అభిముఖంగా, రాతి మెట్లు దిగి ఉన్నాయి.

హారిక వచ్చి నా చెయ్యి పట్టుకుంది. దానికి రికార్డు పుస్తకం సంగతి తెలుసు, మెట్టు సంగతీ తెలుసు. నాకు నోట మాట రాకపోవడం మా ఆయన పెళ్లయ్యాక చూడడం అదే మొదటిసారి అట.

బావి బయటపడిందని తెలిసి సాయంత్రానికి చిన్నమామ నడుచుకుంటూ వచ్చాడు. ఆరేళ్లలో బాగా వంగిపోయాడు. లాగి పడేసిన బండను చేత్తో తడిమాడు.

"మా అన్న మూయించినాడమ్మా ఇది. మీ ఆయన అప్పుడు పాలు తాగే బిడ్డ. నీళ్లు ఎండిపాయ. బాయి పూడిస్తే పాపమని, మళ్లీ నీళ్లొస్తే తెరుచుకోవచ్చని బండలు పరిపిచ్చి మట్టి కప్పినాడు. ఆ బండలు నేనే ఎద్దుల బండి మీద తెచ్చింటి."

మా వైపు ఇది ఉన్న ఆచారమే. బావిని పూడ్చరు, మూస్తారు. మూసిన మనుషులు పోతే, ఆ చోటు కూడా వాళ్లతోనే పోతుంది.

"మరి ఈడ ఇల్లు కడతాండామని తెలిసి గూడా చెప్పలేదే?" అన్నాను.

"మీరు రోడ్డు పక్కన కడతారనుకుంటి. అయినా ఇల్లెవరికని అడిగినోన్ని, ఏ మొహం పెట్టుకోని వచ్చేది? నువ్వు ఒక్క మాట అడిగింటే చెప్పనా?"

హారిక ఆయనకు కుర్చీ వేసి, "కూర్చో జేజినాయనా" అంది.

ఇప్పుడు మీరడగబోయే ప్రశ్నలన్నీ నేను అడిగేశాను. మా అత్త ఎప్పుడైనా ఈ బావి సంగతి చెబితే విని మర్చిపోయానా? మా ఆయనకే తెలియని సంగతి ఆవిడ నాకు చెప్పి ఉంటుందని అనుకోను. పోనీ చెప్పిందే అనుకుందాం. నా మనసు మూలలో ఉన్నది బీరువాలో ఉన్న ట్యాబ్‌కు ఎలా తెలిసింది? హారిక చేసిందా? తాళంచెవి నా మెడలో ఉంది. ఆటలో లోపమా? లోపమైతే ముప్పై ఆరడుగుల దగ్గరే, తూర్పు మెట్టుతో సహా ఎందుకు పడాలి? మా కాలేజీ కంప్యూటర్ సారుకు రికార్డు చూపించాను. పేజీలన్నీ తిప్పి, "ఎండలు ఎక్కువున్నాయి మేడమ్" అన్నాడు. ఇన్నేళ్లు నేను జనాలకు చెప్పిన జవాబు అదే.

ఇల్లు రోడ్డు పక్కకు జరిపాం. ఇప్పుడు గోడలు లేస్తున్నాయి. బావిని పూడ్చలేదు, చుట్టూ నడుమెత్తు గోడ కట్టించి పైన ఇనుప జాలీ వేయించాం. చిన్నమామ రోజూ వచ్చి గోడలకు నీళ్లు కొట్టి పోతున్నాడు. ఏ గుంత తీయాలన్నా ముందు ఆయనకు ఫోన్ చేస్తాను. నమ్మకంతో కాదు, ఆరేళ్లు చేయని పని కనుక.

బావి బయటపడిన మర్నాడు ఆట తెరిచాను. ఆటలోని నా బొమ్మను మంచం మీద పడుకోబెట్టి తెల్లవారనిచ్చాను. గుంట పడలేదు. ఆ తర్వాత రెండు నెలలు రోజూ చూసి రికార్డులో రాశాను. పడలేదు. చివరిసారి నేను వేసిన మట్టి అలాగే ఉంది, దాని మీద గడ్డి కూడా మొలిచింది. ఇప్పుడు వెళ్లి చూస్తే ఆ చోటు ఏదో చెప్పలేరు, గుండు నుంచి లెక్కపెట్టుకోవాల్సిందే.

రికార్డులో ప్రతి ప్రయోగం కింద ఫలితం రాయాలని పిల్లలకు చెబుతాను, ఖాళీ వదిలితే మార్కులు కోస్తాను. నా రికార్డులో ఆ గడి ఖాళీగానే ఉంది.